గాడి చివరి పాట

(హైదరాబాద్‌లో నెలకోసారి కలిసే సంగీత శ్రోతల కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే గదిలో కూర్చుని శ్యామశాస్త్రి స్వరజతులు విన్నాం. ఈ నెల జాజ్ అనగానే ఒకరిద్దరు నాకు ఫోన్ చేసి, "మాకు దాని ఓనమాలు కూడా తెలియవు, రావచ్చా?" అని అడిగారు. రావాలండీ, తప్పకుండా రావాలి. ఓనమాలు ఇక్కడే దిద్దుకుందాం, రెండు నిమిషాల పని.

ముందు ఈ సీడీ చూడండి. ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోండి. మూత జాగ్రత్త, ఒక వైపు కీలు విరిగింది. పేరు విజిల్ స్టాప్. కెన్నీ డోరమ్ అనే ట్రంపెట్ కళాకారుడు 1961 జనవరి 15న రికార్డు చేసిన ఆల్బమ్ ఇది. అప్పట్లో బ్లూ నోట్ కంపెనీ ఎల్పీగా, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద పళ్లెంగా, విడుదల చేసింది, 4063 దాని నంబరు. మీ చేతుల్లో తిరుగుతున్నది తొంభైల్లో అదే కంపెనీ సీడీగా మళ్లీ వేసిన ప్రతి.

దీన్ని న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక పాత సీడీల దుకాణంలో మూడు డాలర్లకి కొన్నాను. కొన్న రోజు సాయంత్రం ఒకసారి విన్నాను. బాగానే ఉందనిపించింది. అలమరలో పెట్టేశాను. ఆ తరవాత తొమ్మిదేళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఆ "బాగానే ఉంది" అన్న మాట గురించే ఇవాళ మాట్లాడాలని వచ్చాను. ఎందుకంటే ఆ మాటతోనే లోకం ఈ మనిషిని నలభై ఎనిమిదేళ్లూ దాటించేసింది.

ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేస్తున్నప్పుడు సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నాం. స్పీకర్లు అమ్మేశాం. పాత సీడీ ప్లేయరొకటి, హెడ్‌ఫోన్లు మిగిలాయి. ఏది తెచ్చుకోవాలో ఏది వదిలేయాలో తేల్చుకోడానికి ఒక్కొక్క సీడీ పెట్టి రెండేసి నిమిషాలు వింటున్నాను. ఇది పెట్టాను. రెండు నిమిషాలు దాటింది. పది దాటింది. టేపు చుట్ట చేతిలో పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను. చివరి పాట అయిపోయి ప్లేయరు ఆగింది. ఆ చివరి పాట నిడివి నిమిషం పైచిలుకు, అంతే. దాని పేరేమిటా అని సీడీతో వచ్చిన చిన్న పుస్తకం తిప్పి చూశాను. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. "డోరమ్స్ ఎపిటాఫ్" అని ఉంది. ఎపిటాఫ్ అంటే సమాధి మీద చెక్కే రాత. ముప్ఫై ఆరేళ్ల మనిషి తన సమాధి రాతని తనే స్వరపరిచి, తన ఆల్బమ్ చివర పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందట నేను అది విన్నాను కూడా. విని, మూత పెట్టాను.

సరే, ఓనమాలు. మన కృతిలో పల్లవి ఎత్తుకుంటాం, తరవాత స్వరకల్పన చేసి మళ్లీ పల్లవికి వచ్చి కూర్చుంటాం కదా. జాజ్‌లోనూ స్థూలంగా అంతే. ముందు అందరూ కలిసి అసలు పాట వాయిస్తారు. తరవాత ఒక్కొక్కరు తమ మనోధర్మం చూపిస్తారు, అంటే అప్పటికప్పుడు కట్టి వాయిస్తారు. దాన్నే సోలో అంటారు. చివర మళ్లీ అందరూ కలిసి పాటకి వస్తారు. ఒకటే పెద్ద తేడా. మనకి రాగం స్థిరంగా ఉంటుంది, తాళం తిరుగుతుంది. వాళ్లకి తాళంతో పాటు కార్డ్స్ కూడా ఒక వరసలో తిరుగుతాయి. కార్డ్స్ అంటే ఒకేసారి కలిపి పలికే స్వరాల గుత్తులు. బార్ అంటే తాళంలో ఒక చిన్న ముక్క, సాధారణంగా నాలుగు దెబ్బలు. పన్నెండు బార్లకో ముప్ఫై రెండు బార్లకో ఆ వరస పూర్తయి మళ్లీ మొదటికి వస్తుంది. వాయించేవాడు ఆ తిరుగుడు మీద నిలబడి, కాలి కింద మారిపోతున్న నేలకి తగ్గట్టు అప్పటికప్పుడు పాట కట్టాలి. మృదంగం, ఘటం ప్రశ్నా జవాబూ చెప్పుకున్నట్టు డ్రమ్స్‌తో నాలుగేసి బార్లు పంచుకోవడమూ ఉంది. ఇంత తెలిస్తే ఇవాళ్టికి చాలు.

ట్రంపెట్ విషయానికొస్తే, మనకది బ్యాండు మేళంలో తెలుసు. ఊరేగింపులో వీధి చివరి దాకా వినపడాలి కాబట్టి గట్టిగా, పైస్థాయిలో ఊదుతారు. జాజ్‌లో కూడా ట్రంపెట్ కళాకారుణ్ని చాలామంది ఎత్తుతోనూ వేగంతోనూ మెరుపుతోనూ కొలిచారు. మూడు మీటలు, ఒక ఇత్తడి గొట్టం, మిగతాదంతా పెదాలు. పైకి వెళ్లే కొద్దీ పెదాలు బిగించాలి, ఊపిరి దట్టించాలి. అది కష్టం కాబట్టి అక్కడికి వెళ్లినవాడికి చప్పట్లు. డోరమ్ ఎక్కువగా మధ్యస్థాయిలో ఉంటాడు. ఆయన నాదం మెత్తన, కొంచెం పొడిగా ఉంటుంది. నూలుబట్టని వేళ్ల మధ్య రాపాడించినట్టు ఒక గరుకు ఉంటుంది అందులో. తారస్థాయి పంచమం పట్టుకుని సభని లేపేసే గాయకులుంటారు. మధ్యస్థాయిలోనే ఉండి సాహిత్యంలో ప్రతి అక్షరం వినిపించేవాళ్లుంటారు. డోరమ్ రెండో రకం. రెండోరకం వాళ్లని వినడానికి మనవైపు నుంచి కొంచెం ముందుకి వంగాలి. దుకాణం నుంచి తెచ్చిన సాయంత్రం నేను వంగలేదు.

ఆయన జీవితం గురించి కొంచెం చెబుతాను. 1924 ఆగస్టు 30న టెక్సాస్‌లో ఫెయిర్‌ఫీల్డ్ దగ్గర పుట్టాడు. పల్లెటూరి పిల్లాడు. కాలేజీలో రసాయనశాస్త్రం వైపు వెళ్లాడు, సైన్యంలో ఉన్నప్పుడు బాక్సింగ్ జట్టులో ఉన్నాడు. న్యూయార్క్ చేరి గాయకుడు బిల్లీ ఎక్‌స్టీన్, ట్రంపెట్ కళాకారుడు డిజ్జీ గిలెస్పీ పెద్ద బ్యాండుల్లో వాయించాడు. 1948 డిసెంబరులో శాక్సొఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ బృందం నుంచి ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ వెళ్లిపోతే ఆ కుర్చీలో డోరమ్ కూర్చున్నాడు. 1954లో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, పియానో కళాకారుడు హొరేస్ సిల్వర్‌లతో జాజ్ మెసెంజర్స్ అనే బృందం మొదలైనప్పుడు తొలి ట్రంపెట్ ఆయనదే. 1956 జూన్‌లో ట్రంపెట్ కళాకారుడు క్లిఫర్డ్ బ్రౌన్ కారు ప్రమాదంలో చనిపోయాడు, ఇరవై అయిదేళ్లకే. డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్ బృందంలో అతని ఖాళీలోకి వెళ్లింది కూడా డోరమే.

ఇందులో ఒక వరస కనిపిస్తోంది చూడండి. మెసెంజర్స్ పక్కన పెడితే, ఎవరో వదిలిన చోటు, ఎవరో లేకుండా పోయిన చోటు. ఎక్కడికి వెళ్లినా అక్కడ శ్రోతల చెవుల్లో అంతకుముందు వాళ్లే మోగుతూ ఉంటారు. డిజ్జీ అంత మెరుపు లేదన్నారు, మైల్స్ అంత మౌనం లేదన్నారు, బ్రౌన్ అంత నిండుదనం లేదన్నారు. డోరమ్‌లో డోరమ్ ఎంత ఉన్నాడన్నది ఎవరూ కొలవలేదు. చివరికి తోటి కళాకారులంతా గౌరవించినా విమర్శకుల రాతల్లో ఆయన పేరు "రావలసినంత పేరు రానివాడు" అన్న మాటకి పర్యాయపదమైపోయింది. ఆ బిరుదు కూడా ఒక రకం నిర్లక్ష్యమే అని నాకనిపిస్తుంది. ఒక్కసారి ఆ మాట అనేస్తే, ఇక వినే పని తీరిపోయినట్టుంటుంది.

ఇప్పుడు 1961 జనవరికి వద్దాం. మన దగ్గర సంక్రాంతి రోజులు. అక్కడ అయిదు రోజుల్లో కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేయబోతున్నాడు. జాజ్ లోకం ఒక కుదుపులో ఉంది. అంతకుముందు నెల డిసెంబరు 21న శాక్సొఫోన్ కళాకారుడు ఆర్నెట్ కోల్‌మన్ ఇద్దరు డ్రమ్మర్లు, మంద్రస్వరాల తంతివాద్యం బాస్ వాయించే ఇద్దరితో కలిపి ఎనిమిదిమందిని కూర్చోబెట్టి ఫ్రీ జాజ్ అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. కార్డ్స్ వరస అనే ఆ నేలనే తీసేసిన సంగీతం అది. మరోపక్క అదే బ్లూ నోట్‌లో లీ మోర్గన్, ఫ్రెడ్డీ హబ్బర్డ్ ఇద్దరూ ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు, ట్రంపెట్ నిప్పుల్లా ఊదుతున్నారు. ఈ రెంటి మధ్య ముప్ఫై ఆరేళ్ల డోరమ్ ఏడు పాటలు పట్టుకుని వచ్చాడు. ఏడూ తను రాసినవే. అప్పటి ఆల్బమ్‌లలో తెలిసిన సినిమా పాటో, నాటకం పాటో ఒకటి చేర్చడం రివాజు, కొనేవాడికి చెయ్యి అందించినట్టుంటుందని. ఇందులో అదీ లేదు.

పాటల పేర్లు వినండి. ఫిల్లీ ట్విస్ట్, బఫెలో, సన్‌సెట్, విజిల్ స్టాప్, సన్‌రైజ్ ఇన్ మెక్సికో, విండ్‌మిల్, డోరమ్స్ ఎపిటాఫ్. మొదటిది ఇందులో డ్రమ్స్ వాయించిన ఫిల్లీ జో పేరు మీద. చివరిది తన పేరు మీద. మధ్యలో అడవిదున్న, అస్తమయం, ఉదయం, గాలిమర, చిన్న రైలు స్టేషను. విజిల్ స్టాప్ అంటే సిగ్నల్ చూపిస్తేనే బండి ఆగే ఊరు. మన ప్యాసింజర్ బళ్ల రూటులో హాల్ట్ స్టేషన్లు ఉంటాయే, ప్లాట్‌ఫాం మీద ఒక బోర్డు, ఒక వేపచెట్టు, అలాంటిది. ఇవన్నీ కలిపి చూస్తే టెక్సాస్ పల్లెలో పెరిగిన పిల్లాడి కళ్లకి కనపడే బొమ్మలు. ఇది నా ఊహ. కానీ ఎక్స్‌ప్రెస్ బళ్లు ఆగని స్టేషను పేరు తన ఆల్బమ్‌కి పెట్టుకున్న మనిషికి తన చోటు ఏదో బాగా తెలుసుననే నేను నమ్ముతున్నాను.

తోడు వాయించినవాళ్లు నలుగురు. టెనర్ శాక్సొఫోన్ హాంక్ మోబ్లీ, పియానో కెన్నీ డ్రూ, బాస్ పాల్ చాంబర్స్, డ్రమ్స్ ఫిల్లీ జో జోన్స్. మోబ్లీని లెనర్డ్ ఫెదర్ అనే విమర్శకుడు టెనర్ శాక్సొఫోన్‌లో మిడిల్‌వెయిట్ చాంపియన్ అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, కానీ ఆ మాట మోబ్లీని జీవితాంతం మధ్యలోనే నిలబెట్టేసింది. డోరమ్, మోబ్లీ ఇద్దరూ తొలి మెసెంజర్స్‌లో పక్కపక్కన నిలబడ్డవాళ్లు. ఈ రికార్డులో ఇద్దరూ కలిసి పాట ఎత్తుకుంటే ఎవరి గొంతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పడం కష్టం. ట్రంపెట్ అంచుని శాక్సొఫోన్ గుండ్రం చేస్తుంది. శాక్సొఫోన్ మొద్దుదనాన్ని ట్రంపెట్ చెక్కుతుంది. అన్నదమ్ములు ఒకే పలుపు పట్టుకుని లాగినట్టుంటుంది.

ఇంత బిగువు ఎలా వచ్చిందంటే, దానికో కారణముంది. బ్లూ నోట్ నడిపిన ఆల్‌ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ జర్మనీ నుంచి వచ్చిన స్నేహితులు. చిన్న కంపెనీ. అయినా రికార్డింగుకి ముందు రిహార్సల్ చేయించి, దానికి విడిగా డబ్బులిచ్చేవాళ్లు. అప్పటి చిన్న కంపెనీలు చాలావాటికి అది దండగ ఖర్చు. కళాకారులు నేరుగా స్టూడియోకి వచ్చి, బ్లూస్ అనే పన్నెండు బార్ల తిరుగుడు పాట ఏదో ఒకటి ఎత్తుకుని, గంటల్లో రికార్డు ముగించి వెళ్లేవాళ్లు. ఈ ఏడు పాటల్లో ఎత్తుగడలు, మలుపులు, ఆపి మళ్లీ అందుకునే చోట్లు చూస్తే, రిహార్సల్ లేకుండా సాధ్యం కాదని తెలిసిపోతుంది.

స్టూడియో సంగతి మీకు నచ్చుతుంది. రూడీ వాన్ గెల్డర్ అనే ఆయన వృత్తిరీత్యా కంటి పరీక్షలు చేసి అద్దాలు రాసిచ్చే డాక్టరు. పగలు కళ్లు చూసేవాడు, మిగతా వేళల్లో న్యూజెర్సీలో హాకెన్‌సాక్ అనే ఊళ్లో అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో జాజ్ రికార్డు చేసేవాడు. 1959లో కళ్లద్దాలు మానేసి, పక్కనే ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. పైకప్పు 39 అడుగుల ఎత్తు, చెక్క వంపులు, గుడి మండపంలా ఉంటుంది. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే ఎడిసన్ నుంచి కారులో గంట ప్రయాణం. నేనూ ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. చెట్ల చాటున ఉంటుంది, రోడ్డు మీదికి సరిగా కనపడదు. ఒక్కసారైనా కారాపి ఉండాల్సింది. చివరికి ఆపాను, ఇండియాకి బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు. బయటే నిలబడి చూసి వచ్చాను.

రికార్డు వచ్చింది. పెద్దగా ఏమీ జరగలేదు. బ్లూ నోట్‌లో డోరమ్ తన పేరు మీద మళ్లీ రికార్డు చేయడానికి రెండేళ్లు పట్టింది, 1963 ఏప్రిల్ దాకా. ఆ ఏడాదే జో హెండర్సన్ అనే కుర్రవాణ్ని వెంటబెట్టుకుని అతని తొలి ఆల్బమ్‌లో వాయించి, అతనికోసం బ్లూ బోసా అనే పాట ఇచ్చాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ జాజ్ నేర్చుకునేవాడైనా మొదటి ఏడాది ఆ పాట వాయిస్తాడు. ఎవరు రాశారంటే తడుముకుంటాడు. 1964 తరవాత డోరమ్ తన పేరుతో బ్లూ నోట్ కంపెనీకి ఆల్బమ్ రికార్డు చేయలేదు. పోస్టాఫీసులో పనిచేశాడు. సంగీత వాద్యాల దుకాణంలో పనిచేశాడు. డౌన్ బీట్ అనే జాజ్ పత్రికకి రికార్డుల సమీక్షలు రాశాడు. చివరి ఏళ్లలో కిడ్నీలు పాడయ్యాయి. 1972 డిసెంబరు 5న న్యూయార్క్‌లో చనిపోయాడు, 48 ఏళ్లకి. ఆయనకన్నా ముందే, 1969లో పాల్ చాంబర్స్ క్షయతో 33 ఏళ్లకి వెళ్లిపోయాడు. తరవాత 1985లో ఫిల్లీ జో. ఆ తేదీ చూస్తే ఆగస్టు 30, డోరమ్ పుట్టినరోజు. 1986లో మోబ్లీ. 1993లో, కోపెన్‌హాగెన్‌లో, కెన్నీ డ్రూ. సీడీ ప్రతి నా చేతికొచ్చేనాటికి ఆ గదిలో వాయించిన అయిదుగురిలో ఒక్కరూ లేరు.

ఇప్పుడు సీడీ గురించి. బ్లూ నోట్ అరవైల్లోనే చేతులు మారి, క్రమంగా మూలనపడింది. 1985లో బ్రూస్ లండ్వాల్ అనే ఆయన సారథ్యంలో మళ్లీ తెరిచారు. మైకేల్ కస్కూనా అనే నిర్మాత డెబ్బైల నుంచే ఆ కంపెనీ టేపుల గదిలో కూర్చుని ఒక్కో రీలూ విని, జాబితా రాసుకుని, లోకానికి తెలియనివీ మరిచిపోయినవీ బయటికి తీశాడు. తాళపత్రాల కట్టలు విప్పి ఒక్కొక్క పత్రం సరిచూసుకున్న మన పరిష్కర్తల ఓపికే అది. ఆయన 2024లో చనిపోయాడు. మీకు నచ్చిన పాత జాజ్ సీడీ ఏదైనా ఇంట్లో ఉంటే, లోపలి పుస్తకంలో సన్న అక్షరాల్లో ఆయన పేరుందేమో వెతకండి.

ఎల్పీ మోజు ఉన్న మిత్రులు ఇక్కడ ముగ్గురున్నారు. సీడీలో వెచ్చదనం పోతుందని వాళ్లంటారు. చాలా సీడీల విషయంలో ఒప్పుకుంటాను. తొలినాళ్ల సీడీలు కొన్ని పళ్లు జివ్వుమనేలా ఉంటాయి. కానీ ఈ ఆల్బమ్‌కి సీడీ చేసిన మేలు ఒకటుంది. అది చెప్పకుండా ఉండలేను.

ఎల్పీ మీద గాడి బయట మొదలై లోపలికి చుట్టుకుంటూ పోతుంది. పళ్లెం తిరిగే వేగం మారదు, నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు. కానీ బయట చుట్టు పెద్దది, లోపల చుట్టు చిన్నది. అందుకని మొదటి పాట దగ్గర ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది. చివరి పాటకొచ్చేసరికి 20 పైచిలుకే. అదే శబ్దాన్ని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే లోపలి గాడిలో పై స్వరాలు నలుగుతాయి, డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాల చప్పుడు కరుకెక్కుతుంది. కర్ణాటక కచేరీల ఎల్పీల్లో చివర మంగళం గరగరలాడటం మీలో చాలామంది వినే ఉంటారు. ఇక్కడ రెండో వైపు, అన్నిటికన్నా లోపలి గాడిలో ఉన్నది ఏమిటి? డోరమ్స్ ఎపిటాఫ్. పైగా అది అంత చిన్నది. నాలుగు మాటలు మాట్లాడేలోపు అయిపోతుంది. కుర్చీలోంచి లేచి ముల్లు ఎత్తడానికి నడిచే ఆ సమయంలో ఆయన సమాధి రాత మోగి ఆగిపోయేది.

సీడీ ఇందుకు తిరగేసి ఉంటుంది. లోపల మొదలై బయటికి పోతుంది. చదివే వేగం ఒకేలా ఉండేట్టు పళ్లెమే తన తిరుగుడు మార్చుకుంటుంది. మొదటి పాటకెంత చోటో చివరిదానికీ అంతే. వైపు తిప్పే పని లేదు, లేవాల్సిన పని లేదు. చాలా సీడీల్లో చివర మిగిలిపోయిన ముక్కలూ రెండోసారి వాయించినవీ అతికిస్తారు, ఖాళీ ఉందని. ఇందులో ఏదీ అతికించలేదు. ఆయన ఎక్కడ ఆపాడో అక్కడే ఆగుతుంది. అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చున్న ఆ రాత్రి నాకు వినపడింది ఆ ఆగడమే.

ఇక వినిపిస్తాను. ముందు బఫెలో.

(ఇక్కడ బఫెలో వినిపించారు.)

ఇది బ్లూస్. పన్నెండు బార్ల తిరుగుడు. నడక చూశారా, తొందర లేదు. బరువైన జంతువు బురదలోంచి కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి వేస్తున్నట్టు. డోరమ్ సోలో మొదలయ్యే చోట ఒక చిన్న మాట అంటాడు, ఆగుతాడు. ఆ ఆగినప్పుడు కెన్నీ డ్రూ పియానో మీద "ఊఁ" కొడతాడు. మళ్లీ ఇంకో మాట. అరుగు మీద కూర్చుని పెద్దాయన కథ చెబుతుంటే వినేవాడు ఊఁ కొట్టినట్టే. పేరుకి ట్రంపెట్ సోలో, నిజానికి ఇద్దరి సంభాషణ. తొమ్మిదేళ్ల కిందట నాకు ఇది ఎందుకు వినపడలేదంటే, నేను ఆయన పైకి వెళతాడని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన పక్కకి తిరిగి మాట్లాడుతున్నాడు.

(శ్రోతల్లో ఒకరు: "చివరి పాటలో సోలోలు ఉంటాయాండీ?")

ఉండవండీ. మంచి ప్రశ్న. మనోధర్మం లేదు, స్వరకల్పన లేదు. రాసిన పాట మాత్రమే, నెమ్మదిగా, ఒక్కసారి. జీవితమంతా అప్పటికప్పుడు కట్టి వాయించిన మనిషి ఇక్కడ ఒక్క స్వరం కూడా మార్చకుండా రాసింది రాసినట్టు వాయించాడు. రాతి మీద చెక్కింది మార్చకూడదు కదా.

విండ్‌మిల్ చివరి అరనిమిషం నుంచి పెడతాను. అది వేగంగా ఉంటుంది, ఫిల్లీ జో డ్రమ్స్ హోరు. తరవాత ఒకటి రెండు క్షణాలు ఏమీ ఉండదు. ఆ ఖాళీ కూడా వినండి. అయిపోయాక దయచేసి చప్పట్లు కొట్టకండి, ఎవరూ లేవకండి, ప్లేయరు తనంతట తను ఆగేదాకా. ఆ ఫ్యాను కూడా ఒక్క రెండు నిమిషాలు ఆపుతారా?

(ఫ్యాను ఆపారు. పాట వినిపించారు.)